మగ్గులో ఎంత? గదిలో ఎంత?

2023 డిసెంబరు 26. అర్ధరాత్రి కావస్తోంది. చెన్నై పక్కనున్న ఎన్నూరులోని పెరియకుప్పం, చిన్నకుప్పం జనం కళ్ళు మండి, ఊపిరాడక, పిల్లల్ని చంకనేసుకుని ఇళ్ళు వదిలి రోడ్డెక్కారు. ఓడల నుంచి కోరమాండల్ ఇంటర్నేషనల్ ఎరువుల కర్మాగారానికి అమ్మోనియా తెచ్చే సముద్రగర్భ పైపులైను లీకయింది. 50 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. తమిళనాడు కాలుష్య నియంత్రణ మండలి కర్మాగారం గేటు దగ్గర గాలిని కొలిస్తే ఘనపు మీటరుకు 2,090 మైక్రోగ్రాముల అమ్మోనియా ఉంది. ఉండదగినది 400. సముద్రపు నీటిలో లీటరుకు 49 మిల్లీగ్రాములు. అక్కడ హద్దు 5.

ఈ 2,090 అనే అంకెను కాస్త విప్పి చూద్దాం. కర్మాగారాల లోపల గాలిని పీపీఎంలలో కొలుస్తారు. గాలిని పది లక్షల భాగాలు చేస్తే అందులో ఒక భాగం ఒక పీపీఎం. అమ్మోనియాకు ఒక పీపీఎం అంటే ఘనపు మీటరుకు దాదాపు 0.7 మిల్లీగ్రాము. ఆ లెక్కన గేటు దగ్గర దొరికింది 3 పీపీఎం. 1948 ఫ్యాక్టరీల చట్టంలోని రెండో షెడ్యూలు, ఎనిమిది గంటల షిఫ్టులో కార్మికుడు పీల్చే గాలిలో సగటున ఎంతవరకు ఉండొచ్చని చెప్పిందో తెలుసా? 25 పీపీఎం. కర్మాగారం గేటు దగ్గర ప్రమాదంగా తేలిన అంకెకు ఎనిమిది రెట్లు.

రెండు అంకెల వెనకా కారణం ఉంది. ఊరి హద్దు పసిపిల్లలకు, ముసలివాళ్ళకు, ఉబ్బసం ఉన్నవాళ్ళకు, ఇరవైనాలుగు గంటలకూ కలిపి వేసింది. ఫ్యాక్టరీ హద్దు ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకు ఎనిమిది గంటలకు వేసింది. పైగా అధికారులు వచ్చి పరికరం పెట్టేసరికి గ్యాస్ చాలావరకు చెదిరిపోయి ఉంటుంది. ఆసుపత్రిలో చేరినవాళ్ళు పీల్చింది అంతకంటే చాలా ఎక్కువే. అయినా ఒక సంగతి మాత్రం మనసులో పెట్టుకోవాలి. గోడకు బయట ఉన్న మనిషికంటే లోపల చీపురు, బకెట్టు పట్టుకున్న మనిషి ఎక్కువ తట్టుకుంటాడని ఆ చట్టమే అనుకుంది. ఆ మనిషికి ఆస్తమా ఉండొచ్చు. ఆమె గర్భిణి కావచ్చు. వయసు యాభై దాటి ఉండొచ్చు. కాబట్టి 25 అనే అంకెను భరోసాగా తీసుకోకూడదు. దానికి ఎంత దూరంలో ఉంటే అంత మంచిది.

ఎన్నూరు, మణలి, తిరువొత్తియూరు వరుసలో రిఫైనరీ ఉంది, థర్మల్ విద్యుత్ కేంద్రాలున్నాయి, ఓడరేవు ఉంది, 1948లో మొదలైన అశోక్ లేలాండ్ ఉంది. వీటిలో పెద్ద పైపులకు, ట్యాంకులకు అలారాలు, సైరన్లు, తనిఖీలు ఉంటాయి. శుభ్రం చేసే సామాను దాచే గది సంగతి వేరు. అక్కడ యాసిడ్ క్యాన్లు, హైపో క్యాన్లు, కాస్టిక్ సోడా బస్తా, ఒక కుళాయి, ఒక మగ్గు. కొలతంతా ఆ మగ్గుదే.

ఆ మగ్గుతోనే మొదలుపెడదాం. రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల ఎత్తు ఉన్న టాయిలెట్. మొత్తం 10 ఘనపు మీటర్ల గాలి. పాచి పట్టిన నేల మీద 5 శాతం హైపో, అంటే సోడియం హైపోక్లోరైట్, 100 మిల్లీలీటర్లు పోశారు. మరక పోలేదు. పైనుంచి 10 శాతం హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఉన్న టాయిలెట్ క్లీనర్ పోశారు. అది 50 మిల్లీలీటర్లు చాలు. రెండూ పూర్తిగా కలిస్తే పుట్టే క్లోరిన్ సుమారు 4.8 గ్రాములు. దానికి కావలసింది టీ గ్లాసెడు హైపో, అందులో సగం యాసిడ్, అంతే. ఆ గది గాలిలోకి క్లోరిన్ అంతా చేరితే 164 పీపీఎం అవుతుంది. క్లోరిన్‌కు షిఫ్టు సగటు హద్దు 1 పీపీఎం, పదిహేను నిమిషాల హద్దు 3. పది పీపీఎం దాటితే ప్రాణానికి తక్షణ ముప్పు అని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క. పుట్టిన గ్యాస్‌లో పదో వంతు మాత్రమే గాలిలోకి వచ్చిందనుకున్నా 16 పీపీఎం. తలుపు వేసుకుని వంగి రుద్దుతున్న మనిషి ముఖం ఉండేది సరిగ్గా ఆ గ్యాస్ పుట్టే చోట. క్లోరిన్ గాలికంటే రెండున్నర రెట్లు బరువు, నేలను పట్టుకునే ఉంటుంది.

అలాంటి గదిలో ఎగ్జాస్ట్ ఫ్యాను గంటకు ఆరుసార్లు గాలి మారుస్తుందనుకుందాం. 164 నుంచి 1 పీపీఎంకు దిగాలంటే గాలి ఐదుసార్లు పూర్తిగా మారాలి. అంటే 50 నిమిషాలు. ఫ్యాను లేకపోతే ఎన్ని గంటలు పడుతుందో చెప్పడం కష్టం. ఐదు నిమిషాలు తలుపు తీసి ఉంచి మళ్ళీ లోపలికి పోవడం ఎందుకు పనికిరాదో ఈ లెక్క చెబుతుంది.

హైపోతో ఏ యాసిడ్ కలిసినా ఇదే జరుగుతుంది. సిట్రిక్, సల్ఫామిక్ లాంటి మెత్తని యాసిడ్లు అయినా సరే. అమ్మోనియా ఉన్న అద్దాల క్లీనర్‌తో కలిస్తే క్లోరిన్ బదులు క్లోరమైన్లు పుడతాయి. అవీ ఊపిరితిత్తుల్నే కాలుస్తాయి. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఒకే గదిలో, ఒకే అరలో హైపో, యాసిడ్ పెట్టి, రెండూ కలపొద్దని గోడ మీద రాయడం జాగ్రత్త కాదు. రెండింటికీ వేర్వేరు గదులు, లేదా కనీసం తాళం ఉన్న వేర్వేరు బీరువాలు కావాలి. అంతకంటే మేలు, ఆ రెండిట్లో ఒకదాన్ని కొనడమే మానేయడం.

సురక్షితంగా వాడటం గురించి మాట్లాడేవాళ్ళంతా గ్లవ్స్ నుంచి మొదలుపెడతారు. కానీ ప్రమాదంలో ఎక్కువ భాగం అంతకు చాలా ముందే, కొనుగోలు కాగితం మీద సంతకం పడినప్పుడే ఖాయమైపోతుంది. ఎన్నూరు ఉదాహరణే తీసుకోండి. పక్కనున్న మీంజూరు భూగర్భ జలాల్లోకి సముద్రపు నీళ్ళు చొరబడ్డాయని 1960ల చివరి నుంచీ తెలుసు. ఉప్పు, కాఠిన్యం ఉన్న నీళ్ళు వాడేచోట కుళాయిలు, బాయిలర్లు, కూలింగ్ టవర్లు, టాయిలెట్లు అన్నిటికీ తెల్లటి సున్నపు పొర పడుతుంది. దాన్ని సబ్బు కదిలించలేదు. యాసిడ్ కావాలి. ఏ యాసిడ్ అన్నదే ప్రశ్న.

కిలో సున్నపు పొరను, అంటే కాల్షియం కార్బొనేట్‌ను, కరిగించడానికి 32 శాతం హైడ్రోక్లోరిక్ యాసిడ్ సుమారు 2.3 కిలోలు కావాలి. సల్ఫామిక్ యాసిడ్ పొడి అయితే 1.9 కిలోలు. సిట్రిక్ యాసిడ్ అయితే 1.3 కిలోలు. తూకం చూస్తే పొడులే తక్కువ పడతాయి. అసలు తేడా మూత తీసినప్పుడు. 32 శాతం హైడ్రోక్లోరిక్ మూత తీయగానే పొగలు కక్కుతుంది. దాని ఆవిరికి ఏ క్షణంలోనూ దాటకూడని హద్దు 5 పీపీఎం. సల్ఫామిక్, సిట్రిక్ పొడులు. పొగలు రావు, చిందినా ఊడ్చేయొచ్చు, కాకపోతే కళ్ళలో పడితే అవీ మంటే. హైడ్రోక్లోరిక్ స్టెయిన్‌లెస్ స్టీలును గుంటలు గుంటలుగా తినేస్తుంది కూడా. నెమ్మదిగా పనిచేస్తాయన్నదే ఆ పొడుల మీద ఫిర్యాదు. అరగంట ఎక్కువ నానబెడితే సరిపోయే చోట పొగలు కక్కే యాసిడ్‌ను ఎందుకు కొంటున్నామో కొనేవాళ్ళు చెప్పాలి. క్యాన్ ధర తక్కువని అంటే, అది కాలిన చెయ్యికి కట్టు కట్టించే ఖర్చును కలపని ధర.

ఏ యాసిడ్ వాడినా, కిలో సున్నపు పొర కరిగితే 440 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంటే దాదాపు 245 లీటర్ల గ్యాస్. వెయ్యి లీటర్ల ట్యాంకులో దిగి పొర గీకుతున్న మనిషి చుట్టూ ఉన్న గాలిలో నాలుగో వంతు అదే అయిపోతుంది. గీకేది రిఫైనరీ గొట్టాల్లాంటి చోట్ల పేరుకున్న నల్లటి మడ్డి అయితే ఇంకా ఘోరం. అందులో ఐరన్ సల్ఫైడ్ ఉంటుంది. 100 గ్రాముల ఐరన్ సల్ఫైడ్ మీద యాసిడ్ పడితే దాదాపు 39 గ్రాముల హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. పది ఘనపు మీటర్ల ట్యాంకులో అది 2,800 పీపీఎం. ఈ గ్యాస్‌కు షిఫ్టు హద్దు 10. వెయ్యి పీపీఎం దగ్గర ఒకటి రెండు ఊపిరులకే మనిషి కుప్పకూలిపోతాడు. కుళ్ళిన గుడ్ల వాసన వస్తే తెలుస్తుందిలే అనుకోవద్దు. 100 దాటాక ముక్కు ఆ వాసన పట్టడమే మానేస్తుంది. కాబట్టి ట్యాంకులోకి దిగేముందు మీటరుతో గాలి కొలవాలి, పనిచేస్తున్నంతసేపూ కొలుస్తూనే ఉండాలి, పైన ఒక మనిషి తాడు పట్టుకుని నిలబడాలి. లోపలివాడు పడిపోతే కాపాడాలని రెండోవాడు అలాగే దూకడం వల్ల ఒక్క చావు రెండు మూడు చావులవుతోంది. పైవాడు చేయాల్సింది తాడు లాగడం, కేకేయడం. దిగడం మాత్రం కాదు.

ఇక జిడ్డు. ఇంజిన్ల, బండ్ల విడిభాగాల పరిశ్రమల్లో లోహపు ముక్కలకు అంటిన నూనె వదిలించడానికి ట్రైక్లోరోఎథిలీన్ అనే ద్రావకాన్ని దశాబ్దాలుగా వాడారు. షాపుల్లో టీసీఈ అంటారు. నూనెను ఇట్టే లాగేస్తుంది, ఇట్టే ఆరిపోతుంది. ఆరిపోవడం అంటే గాలిలోకి పోవడం. ఒక్క లీటరు ఆరితే దాదాపు ఒకటిన్నర కిలోల ఆవిరి. దాన్ని 1948 ఫ్యాక్టరీల చట్టం పెట్టిన హద్దు 50 పీపీఎంకు పలచన చేయాలంటే 5,400 ఘనపు మీటర్ల గాలి కావాలి. 20 మీటర్ల పొడవు, 10 వెడల్పు, 5 ఎత్తు ఉన్న షెడ్డులో ఉండేది వెయ్యి ఘనపు మీటర్లే. అలాంటి షెడ్లు ఐదున్నర కావాలి, ఒక్క లీటరుకు. అమెరికా పారిశ్రామిక ఆరోగ్య నిపుణుల సంఘం ఏసీజీఐహెచ్ అయితే 10 పీపీఎం దాటొద్దంటుంది. అప్పుడు 27,000 ఘనపు మీటర్లు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో దీన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని రుజువైన మొదటి వర్గంలో చేర్చింది. ఈ ఆవిరి గాలికంటే నాలుగున్నర రెట్లు బరువు, మెకానిక్ నిలబడి పనిచేసే గుంటలోకే దిగుతుంది.

చాలా పనులకు దీని అవసరమే లేదు. 50, 60 డిగ్రీల వేడినీళ్ళలో రెండు నుంచి ఐదు శాతం క్షార డిటర్జెంటు కలిపి, ఒత్తిడితో కొడితే మామూలు నూనె, గ్రీజు పోతాయి. ఆరడానికి ఎక్కువసేపు పడుతుంది, తుప్పు పట్టకుండా చూసుకోవాలి. ఆ పాటి శ్రమకు సిద్ధపడటంలో తప్పేముంది?

క్షారం అన్నాం కాబట్టి కాస్టిక్ సోడా సంగతి. కిలో పలుకులు నీళ్ళలో కరిగితే 1,100 కిలోజూళ్ళ వేడి పుడుతుంది. పది లీటర్ల నీళ్ళలో కొంచెం కొంచెంగా వేస్తే నీళ్ళ వేడి దాదాపు 25 డిగ్రీలు పెరుగుతుంది. మే నెలలో చెన్నై డాబా మీది ట్యాంకు నీళ్ళు ముందే 35 డిగ్రీలుంటే 60 అవుతాయన్నమాట. అదే కిలోను రెండు లీటర్లలో ఒక్కసారిగా గుమ్మరిస్తే కుతకుత ఉడికి ముఖం మీదికి ఎగురుతుంది. అందుకే ఎప్పుడూ నీళ్ళలో కాస్టిక్ వేయాలి, కాస్టిక్ మీద నీళ్ళు పోయకూడదు. యాసిడ్‌కూ ఇదే వరస. అల్యూమినియం గిన్నెలో కాస్టిక్ అసలు కలపకూడదు. హైడ్రోజన్ పుట్టి నిప్పురవ్వకు అంటుకుంటుంది.

పలచన చేయడంలో ఎక్కువమంది తడబడేది హైపో దగ్గరే. శుభ్రం చేసిన నేల మీద క్రిములు చంపడానికి 0.1 శాతం చాలు. 5 శాతం సీసా అయితే ఒక వంతుకు 49 వంతుల నీళ్ళు, అంటే పది లీటర్ల బకెట్టుకు 200 మిల్లీలీటర్లు. ఫ్యాక్టరీకి వచ్చే పెద్ద క్యాన్ మీద 10 శాతం అని ఉంటే 100 మిల్లీలీటర్లే. ఇంట్లో అలవాటైన కొలతతో పోస్తే రెట్టింపు, అరలీటరు మగ్గుతో పోస్తే ఐదు రెట్లు. ఎక్కువ పోస్తే ఎక్కువ శుభ్రం అవదు. ముందు మురికి కడగకపోతే హైపో ఆ మురికితోనే ఖర్చయిపోతుంది. నేను చెప్పే ఒకే ఒక్క చవకైన పరికరం గీతలున్న ప్లాస్టిక్ కొలపాత్ర. ఒక్కో రసాయనానికి ఒక్కోటి, క్యాన్‌కు కట్టేసి.

హైపోను ఎండలో పెట్టకూడదు కూడా. ప్రతి 10 డిగ్రీల వేడికి అది విరిగిపోయే వేగం మూడు నాలుగు రెట్లవుతుంది. బలం తగ్గుతుంది, లోపల ఆక్సిజన్ పుట్టి క్యాన్ ఉబ్బుతుంది. ఆరు నెలల సరుకు ఒకేసారి కొని రేకుల షెడ్డులో పడేయడం రెండు విధాలా నష్టం.

ఏదైనా కళ్ళలో పడితే? అంతర్జాతీయంగా పాటించే ప్రమాణం ప్రకారం ఐవాష్ నిమిషానికి 1.5 లీటర్ల చొప్పున పదిహేను నిమిషాలు పారాలి. అంటే 22 లీటర్లకు పైనే. చెన్నైలో ప్రతి ఆఫీసులో కనిపించే 20 లీటర్ల నీళ్ళ క్యాన్ మొత్తం ఖాళీ చేసినా తక్కువే. ఒంటి మీద ఒలికితే వాడే షవరుకు నిమిషానికి 75 లీటర్ల చొప్పున పదిహేను నిమిషాలకు 1,100 లీటర్లు దాటుతుంది. అది పది సెకన్ల నడక దూరంలో, అంటే పదహారు మీటర్ల లోపు ఉండాలి. మధ్యలో మెట్లు, తాళాలు ఉండకూడదు. నీళ్ళ సరఫరా లేని చోట యాసిడ్ పని పెట్టకూడదని దీని అర్థం. నీళ్ళ కరువు ఉన్న నెలల్లో కూడా ఈ ట్యాంకు నిండుగా ఉండాలి. ఇక మాస్కు. ఆసుపత్రి గుడ్డ మాస్కు క్లోరిన్‌ను, అమ్మోనియాను ఏమీ ఆపలేదు. ఆ గ్యాస్‌కు తగ్గ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కే పనికొస్తుంది. యాసిడ్ గ్యాసులకు పెట్టే కార్ట్రిడ్జ్ అమ్మోనియాను ఆపుతుందన్న నమ్మకం లేదు, దానికి ఆకుపచ్చ గుర్తు ఉన్నది వేరే ఉంటుంది.

శుభ్రతకు వాడేవాటితో పాటు పురుగులకు కొట్టేవాటినీ ఇదే లెక్కలో చూడాలి. 2022 జూన్ 3న అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం బ్రాండిక్స్ ప్రాంగణంలోని బట్టల కర్మాగారంలో వందకు పైగా మహిళా కార్మికులు వాంతులతో, తలతిరుగుడుతో పడిపోయారు. ఆగస్టు 2న మళ్ళీ అదే. నమూనాల్లో క్లోర్‌పైరిఫాస్ అనే పురుగుమందు ఆనవాళ్ళు దొరికాయని అప్పట్లో రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది. మూసిన, ఏసీ ఉన్న షెడ్డులో వందలమంది కూర్చుని కుట్టుపని చేస్తున్నప్పుడు, ఏ మందు ఎప్పుడు కొట్టారు, ఎన్ని గంటలు తలుపులు తీసి ఉంచారు అన్నది షిఫ్టు మొదలయ్యే ముందే వాళ్ళకు తెలియాలి.

తెలియడం అంటే ఎలా? చెన్నై పారిశుద్ధ్య కార్మికుల్లో తరాల క్రితం ఆంధ్ర ప్రాంతం నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్ళు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదువుకున్నవాళ్ళు చదివింది తమిళం. పక్కన పనిచేసేవాళ్ళు ఒడిశా, బీహారు మనుషులు కావచ్చు. క్యాన్ మీద ఉన్నది ఇంగ్లీషు. ప్రమాదకర రసాయనాల నిబంధనలు 1989 నుంచే సేఫ్టీ డేటా షీట్ ఉండాలని, పాత్ర మీద లేబుల్ ఉండాలని చెబుతున్నాయి. భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత, 1987లో ఫ్యాక్టరీల చట్టానికి చేసిన సవరణ ప్రమాదాల సమాచారాన్ని కార్మికులకు తెలపడం యాజమాన్యం బాధ్యత చేసింది. ముప్పు ముంచుకొస్తోందని అనిపిస్తే పైవాళ్ళ దృష్టికి తెచ్చే హక్కునూ కార్మికుడికి ఇచ్చింది. కాగితం ఆఫీసు ఫైల్లో ఉంటే ఆ బాధ్యత తీరదు. సూపర్‌వైజరు క్యాన్ ముందు నిలబెట్టి, వాళ్ళ మాటలో, కొలపాత్రతో చేసి చూపించాలి. పెద్ద క్యాన్‌లోంచి కూల్‌డ్రింక్ సీసాలోకి, నీళ్ళ సీసాలోకి వంపే అలవాటును ఆ రోజే ఆపించాలి. దాహమై తాగేసినవాళ్ళ కథలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి.

సేఫ్టీ డేటా షీట్ మామూలుగా 16 భాగాలుగా ఉంటుంది. అంతా చదివే తీరిక లేకపోతే నాలుగు చాలు. రెండో భాగంలో ప్రమాదం ఏమిటో, నాలుగులో ప్రథమ చికిత్స, ఎనిమిదిలో గాలి హద్దులు, ఏ గ్లవ్, ఏ మాస్కు అన్నది, పదిలో దేనితో కలపకూడదో ఉంటుంది. అమ్మే దుకాణదారు ఈ కాగితం ఇవ్వలేకపోతే ఆ క్యాన్ కొనొద్దు. ఎవరైనా పీల్చినా, మింగినా ముందు మనిషిని గాలిలోకి తేవాలి, మింగినవాళ్ళకు వాంతి చేయించకూడదు, 108కి ఫోన్ చేయాలి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం నంబరు 1800 116 117, ఏ వేళైనా ఉచితం. ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు క్యాన్‌నో, దాని లేబుల్ ఫోటోనో, ఆ కాగితాన్నో వెంట తీసుకెళ్ళాలి. ఏ రసాయనం, ఎంత శాతం అన్నది డాక్టరు అడిగే మొదటి ప్రశ్న.